ఉలవ పైరు: వానకు ముందే దాచవలసిన విత్తనము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మెట్ట గ్రామములో మేము కన్నులార చూచిన సంగతి మొదట చెప్పెదము. ఆ యేడు జూలై మాసములో వేసిన వేరుశనగ మొలచి, నాలుగు ఆకులు వేసి, వాన లేక మాడిపోయెను. ఆగస్టు మాసమంతయు ఆకాశము వంక చూచుటతోనే గడచెను. సెప్టెంబరు మొదటి వారములో ఒక రాత్రి మంచి వాన కురిసెను. తెల్లవారుసరికి చేలలో జానెడు లోతు పదును. ఎండ పొడువక మునుపే ముప్పదిమంది రైతులు సంఘపు గిడ్డంగి వాకిట నిలిచి, "ఉలవ విత్తనం ఉన్నదా అయ్యా?" అని అడిగిరి. గిడ్డంగిలో ఎరువు బస్తాలు కలవు. ఉలవ గింజ ఒక్కటియు లేదు.

కొందరు పట్టణపు అంగళ్లకు పరుగెత్తిరి. అచ్చట దొరికినవి తినుటకు అమ్ము ఉలవలు. అందు రాళ్లు, పుచ్చులు, ఏనాటివో తెలియని పాత గింజలు కలిసియుండెను. వెల మాత్రము ముందటి దినము కంటె హెచ్చెను. వారు తిరిగివచ్చి గొర్రు కట్టునప్పటికి నాలుగవ దినమయ్యెను. ఈలోపల ఎండ కాసి పైపదును ఆరిపోయెను. మొలక పలుచన, పైరు పలుచన. ఇంటిలో కుండకు మూత బిగించి ఉలవలు దాచుకొన్న రెండు మూడు కుటుంబములవారు మాత్రము వాన వెలసిన మరునాడే విత్తిరి. జనవరిలో వారి కళ్లములందు గింజతోపాటు పొట్టు వామి కూడ నిలిచెను. తక్కినవారిలో పలువురు వేసవి రాకమునుపే పశువులను సంతకు తోలిరి. సంతలో అందరును అమ్మువారే అయినప్పుడు కొనువాడు చెప్పినదే వెల.

ఆ ఉదయమున ఆ వాకిట మేమును ఉంటిమి. సాగు పద్ధతులు బోధించుటకు పోయిన మాకు ఆనాడు నోట మాట రాలేదు. విత్తనము లేనిచోట బోధ యెందుకు? ఆ దినమున కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము. ఉలవ యెట్టి పైరో, దాని స్వభావమేమో, దాని వలన మనుష్యునకును పశువునకును కలుగు మేలు ఎట్టిదో, ఆ మేలు చేజారకుండ సంఘ సభ్యులము చేయవలసినదేమో క్రమముగా వ్రాసెదము.

ప్రాచీనమైన పైరు

ఉలవ మనకు ఎక్కడినుండియో వచ్చిన పైరు కాదు. ఈ దక్షిణ దేశపు మట్టిలో పుట్టి పెరిగినది. బళ్లారి దగ్గరి సంగనకల్లు మొదలైన నవీన శిలాయుగపు నివాసస్థలములను శాస్త్రజ్ఞులు త్రవ్వినప్పుడు మాడిన ఉలవ గింజలు బయల్పడినవి. సుమారు నాలుగువేల యేండ్ల నాడే పశువులను కాచుకొనుచు మెట్ట సేద్యము చేసిన మన పూర్వులు ఉలవలను తినిరని దీనివలన తెలియుచున్నది. పశువుల కాపరులకును ఉలవకును గల సంబంధము అంత పాతది.

సంస్కృతమున దీనిని కులత్థమందురు. హిందీలో కుల్తీ, కన్నడమున హురళి, అరవమున కొళ్లు, మలయాళమున ముతిర. ఆంగ్లేయులు మద్రాసు రాజధానిలో తమ గుఱ్ఱములకు ఉడికించిన ఉలవలను దాణాగా పెట్టుటచేత దీనికి గుఱ్ఱపు గింజ యని పేరు పెట్టిరి. ఈ పేరు మన పైరునకు ఒక విధముగా అపకారమే చేసినది. గుఱ్ఱము తినునది మనుష్యునకు తగదని చదువుకొన్నవారు తలచిరి. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని చిరకాలము డోలికాస్ బైఫ్లోరస్ అని వ్యవహరించిరి. 1970లో వెర్డ్‌కోర్ట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరు కుదురునకు చేర్చినందున ఇప్పుడు మాక్రోటైలోమా యూనిఫ్లోరమ్ అనుచున్నారు.

పేరు ఏదైనను రైతు దృష్టిలో ఇది దిక్కులేని పంట. మంచి చేను వేరుశనగకు, రేగడి శనగకు, నీరున్నచోటు వరికి. ఏదియు పండని గరువు ఉలవకు. ఎరువు లేదు, కలుపుతీత లేదు, విత్తనపు ఎంపిక లేదు. అట్లు వేసిన చేను ఎకరమునకు రెండు క్వింటాళ్లకు అటునిటుగా పండును. అప్పుడు "ఉలవ యింతే" యని మనము తీర్పు చెప్పుదుము. ఇది పైరు చేసిన తప్పు కాదు.

గింజ బలము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల ఉలవలలో 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. అంతే తూకపు బియ్యములో అవి ఆరేడు గ్రాములు మాత్రమే. ఎముకల పుష్టికి కావలసిన కాల్షియము ఉలవలలో 287 మిల్లీగ్రాములు కలదు. క్రొవ్వు అరగ్రాము మాత్రమే. అరవ దేశమున, చిక్కినవానికి నువ్వులు, బలిసినవానికి ఉలవలు అని అర్థమిచ్చు సామెత కలదు. క్రొవ్వు లేక బలమిచ్చు గింజ యని పూర్వులు అనుభవముచేతనే కనుగొనిరి.

కృష్ణా, గుంటూరు ప్రాంతములలో ఎడ్లకు ఉలవలు ఉడికించి, ఆ కట్టును పారబోయక, చింతపండు, ఉల్లి, మిరప చేర్చి చిక్కగా కాచి ఉలవచారు చేయుదురు. గింజ పశువునకు, కట్టు మనుష్యునకు. ఒక్క కుండలో ఇంటికిని కొట్టమునకును వంట జరిగెడిది. నేడు ఆ చారు పట్టణపు విందులలో మీగడతో వడ్డింపబడుచున్నది. దానిని కనిపెట్టినది మాత్రము రైతు ఇల్లాలే.

గుగ్గిళ్లకైనను చారునకైనను ఉలవలను రాత్రి నానబెట్టుట అవసరము. నానబెట్టి మూటకట్టి మొలకెత్తించిన యెడల ఇంకను సులభముగా జీర్ణమగును. పచ్చి ఉలవలను ఉడికింపక తినరాదు, పిండిచేసి పశువునకు ఎక్కువగా పెట్టరాదు. పచ్చి గింజలో జీర్ణక్రియకు అడ్డుపడు పదార్థములు కొన్ని కలవు. బాగుగా ఉడికించిన అవి నశించును. ఈ గింజలోని ఒక మాంసకృత్తు రక్తకణములను ముద్దగట్టించు గుణము కలది. రక్త పరీక్షాలయములలో 'ఎ' వర్గపు రక్తమును 'ఎ1', 'ఎ2' అని వేరుపరచుటకు ఈ ఉలవ సారమునే వాడుదురు. మనము దిక్కులేనిదను గింజకు వైద్యశాలలో ఇంత పని కలదని ఎందరెరుగుదురు?

ఆయుర్వేదమున మూత్రపిండములలోని రాళ్లకు కులత్థ కషాయము చెప్పబడినది. అయినను నొప్పి కలిగినవారు ఉలవకట్టు త్రాగి ఇంట కూర్చుండక వైద్యుని చూడవలెను.

మొక్క స్వభావము

ఉలవ వాన కొదువను ఎట్లు తట్టుకొనునో తెలిసిన రైతు దానిని గౌరవింపక మానడు. దీని తల్లివేరు తిన్నగా లోతునకు దిగి అడుగు పదునును పీల్చుకొనును. ఎండ తీక్షణమైనప్పుడు ఆకులు తమ అంచును సూర్యుని వైపునకు త్రిప్పుకొని నీటి నష్టమును తగ్గించుకొనును. తీగ నేలను కప్పుటచేత సెప్టెంబరు, అక్టోబరు మాసముల జడివానలకు పైమట్టి కొట్టుకొనిపోదు. పదును ఆవిరియగుట తగ్గును.

తక్కిన పప్పుజాతి మొక్కలవలె దీని వేళ్లకును బుడిపెలు కట్టును. ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఇచ్చును. మీ చేలో అవి పనిచేయుచున్నవో లేదో మీరే పరీక్షింపవచ్చును. విత్తిన ముప్పదియైదు దినముల పిదప తడినేలలో ఒక మొక్కను మట్టితో సహా పెల్లగించి, నీట కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల ఎఱుపు కలిసిన గులాబి వన్నె యున్న పని జరుగుచున్నది. తెల్లగానో పచ్చగానో యున్న జరుగుట లేదు. అట్టి చేనికి మరుసారి విత్తనమునకు సూక్ష్మజీవుల పొడి తప్పక పట్టింపవలెను.

ఉలవకు గల ముఖ్య స్వభావము మరియొకటి కలదు. దీనిని మేము పుస్తకములో చదువుటకు ముందు పొరపాటుచేత నేర్చుకొంటిమి. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మంచి సేద్యమునకు మంచి ఫలము తప్పదను ఉత్సాహముతో ఒక పెద్దరైతు నొప్పించి, అరయెకరము మంచి చేలో పశువుల ఎరువు తోలించి, జూన్ నెలాఖరున తొలకరికే ఉలవ వేయించితిమి. సెప్టెంబరు నాటికి పైరు మోకాలి లోతున అల్లుకొని చూచువారికి కన్నుల పండువగా నుండెను. కాని పూత రాలేదు. వచ్చిన పూత ఆలస్యముగా, తీగల చీకటిలో నిలువక రాలిపోయెను. కాయలు చేతులతో లెక్కించునన్ని మాత్రమే. ఆ పెద్దరైతు మమ్ము నొప్పింపక, "గింజ మాకు లేకపోయినా పశువులకు పండుగ చేశారయ్యా" అనెను.

కారణమేమనగా, ఉలవ పగటి కాలము తగ్గినగాని పూయదు. జూన్ నెలాఖరున మన దేశములో పగలు సుమారు పదమూడు గంటలు. డిసెంబరులో సుమారు పదునొకండు. పగళ్లు దీర్ఘముగా నున్నంతకాలము మొక్క తీగ సాగుచునే యుండును. పగళ్లు కురుచనైనప్పుడు పూతకు తిరుగును. కాబట్టి తొలకరిలో వేసిన ఉలవ మేత పైరు. వాన కడపట వేసిన ఉలవ గింజ పైరు. విత్తనమొక్కటే. రైతు ఏ నెలలో విత్తునో దానినిబట్టి అది మేతయో గింజయో యగును. మన తాతలు మృగశిరకు ఉలవ వేయకపోవుట అజ్ఞానము కాదు. మేమే ఆలస్యముగా తెలిసికొంటిమి.

విత్తుట

గింజకొఱకు తెలంగాణలోను రాయలసీమలోను ఆగస్టు రెండవ పక్షము మొదలు సెప్టెంబరు నెలాఖరు వరకు విత్తవచ్చును. ఉత్తర కోస్తాలో తొలకరి పైరు కోసిన పిదప అక్టోబరులో వేయుదురు. ఇంకను ఆలస్యమైన కొలది అడుగు పదును తరిగి కాపు తగ్గును. మేతకైన జూన్, జూలై మాసములలో వేసి, యాబది అరువది దినములకు కోయవచ్చును.

నేల విషయమున ఉలవకు పట్టింపు లేదు. ఎఱ్ఱచలక, గరువు, తేలిక రేగడి అన్నియు సరిపోవును. నీరు నిలుచు పల్లము మాత్రము పనికిరాదు. గుంటకతో ఒకటి రెండుసార్లు తోలి కలుపు లేకుండ చేసిన చాలును.

వెదజల్లుటకంటె గొర్రుతో సాళ్లలో విత్తుట మేలు. సాలునకు సాలునకు ముప్పది సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు పది సెంటీమీటర్లు ఉండవలెను. ఇట్లు విత్తిన ఎకరమునకు ఎనిమిది పది కిలోల విత్తనము చాలును. వెదజల్లినచో గింజ కొంత పైననే ఉండి మాడును, కొంత పిట్టల పాలగును. గుంటక తోలుటకు వీలుండదు. జడ్డిగములో గింజ విడుచు చేయి నిదానమైనదిగా నుండవలెను.

హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రిడాలత అను రకమును, నాగర్‌కర్నూలు జిల్లాలోని పాలెం పరిశోధనా స్థానము పాలెం‑1, పాలెం‑2 అను రకములను ఇచ్చినవి. క్రొత్త రకము దొరికిన మంచిది. దొరకని యెడల మీ చేలో బలముగా, తెగులు లేక, ఒక్కసారి పండిన మొక్కలను కోతకు ముందే గుర్తించి, వాని గింజను వేరుగా తీసి ఉంచుకొనుడు. కళ్లములో ఊడ్చిన కడపటి గింజను విత్తనమనుట తగదు.

విత్తుటకు పది దినముల ముందు నూరు గింజలు లెక్కించి తడిగుడ్డలో చుట్టి పెట్టుడు. వారము దినములకు ఎన్ని మొలచినవో చూడుడు. ఎనుబదికి తగ్గకున్న విత్తనము మంచిది. అరువదియే మొలచిన హెచ్చుగా విత్తవలెను. అంతకంటె తగ్గిన దానిని వండుకొనుటయే మేలు.

రైజోబియం అను సూక్ష్మజీవుల పొడి 200 గ్రాముల పొట్లము ఎనిమిది పది కిలోల విత్తనమునకు సరిపోవును. కొంచెము బెల్లము నీట కాచి చల్లార్చి, ఆ నీటితో పొడిని గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి ఆనాడే విత్తవలెను. ఎండలో ఆరబెట్టిన సూక్ష్మజీవులు చచ్చును. తెగులు మందు పట్టించువారు దానిని ముందుగా పట్టించి, సూక్ష్మజీవుల పొడిని కడపట పట్టింపవలెను.

ఎరువులలో ఉలవకు ముఖ్యమైనది భాస్వరము. ఎకరమునకు ఒక బస్తా సూపరు ఫాస్ఫేటు ఆఖరు దుక్కిలో వేసిన వేరు బలపడి బుడిపెలు బాగుగా కట్టును. యూరియా మితిమీరి వేసినచో తీగ పెరుగును, బుడిపెలు సోమరులగును. పశువుల ఎరువు ఉన్నవారు గింజ పైరునకు కొద్దిగానే వేయుట మంచిది. మా అరయెకరపు కథ మరువరాదు.

విత్తిన ఇరువది ఇరువదియైదు దినములకు ఒకసారి దంతెతో అంతరసేద్యము చేసిన చాలును. ఆపైన తీగ అల్లుకొని కలుపును తానే అణచును.

ఆకులపై పసుపు మచ్చలు కలిసి ఆకంతయు పచ్చబడుట పల్లాకు తెగులు. తెల్లదోమ దీనిని ఒక మొక్కనుండి మరియొక మొక్కకు చేర్చును. మొదట కనబడిన మొక్కలను వెంటనే పెరికి పూడ్చవలెను. చేనంతయు వ్యాపించిన పిదప పెరుకుట వలన ప్రయోజనము లేదు. ఆకులపై బూడిద చల్లినట్లున్న అది బూడిద తెగులు. నీటిలో కరుగు గంధకము లీటరునకు మూడు గ్రాముల చొప్పున చల్లని వేళ చల్లిన తగ్గును. కాయతొలుచు పురుగు హెచ్చుగా నున్నచో వ్యవసాయాధికారికి చూపి మందు వాడుడు.

కోతయు, పొట్టును

రకమును బట్టియు కాలమును బట్టియు ఎనుబదియైదు మొదలు నూటపది దినములలో పైరు పండును. కాయలలో ఎక్కువ భాగము ఎండుగడ్డి వన్నెకు తిరిగినప్పుడు కోయవలెను. అన్నియు ఎండువరకు ఆగిన రెండు నష్టములు కలవు: ముందు పండిన కాయలు చిట్లి గింజ రాలును, ఆకు రాలి పొట్టు బలము తగ్గును. మంచు పదునున్న తెల్లవారుజామున కోసిన కాయ చిట్లదు. కోసిన పైరును కళ్లములో అయిదారు దినములు ఎండబెట్టి నూర్చవలెను.

పశువులున్న రైతునకు పొట్టు గింజతో సమానమైన ఆస్తి. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. ఆకు నిలిచియున్న ఉలవ పొట్టులో అంతకంటె చాల హెచ్చు. ఒట్టి గడ్డి తిను పశువునకు ఒక పూట కొంచెము ఉలవ పొట్టు కలిపిన ఆ గడ్డి కూడ బాగుగా అరుగును. నేడు పల్లెలలో ఎడ్లు తగ్గినవి. కాని పాడిగేదె, ఆవు, గొఱ్ఱె, మేక కలవు. వానికిని ఈ పొట్టు ప్రియమైన మేత. దానిని వానకు వదలరాదు. తడిసి బూజుపట్టిన పొట్టు పశువునకు కీడు చేయును.

మేతకై కోసిన పచ్చి ఉలవను ఒంటరిగా, అందులోను మంచుతో తడిసియున్నప్పుడు, ఆకలిగొన్న పశువునకు వేయరాదు, కడుపుబ్బు కలుగును. కోసిన తరువాత కొంతసేపు వాడనిచ్చి, జొన్నచొప్పతోనో వరిగడ్డితోనో కలిపి వేయవలెను. ఎండుగింజను కూడ పచ్చిగా పెట్టి నీరు త్రాపిన అది లోపల ఉబ్బును. పనిచేయు ఎద్దునకు దినమునకు ఒక కిలో వరకు నానబెట్టి ఉడికించి పెట్టవచ్చును. క్రొత్తగా అలవాటు చేయునప్పుడు పిడికెడుతో ప్రారంభింపవలెను.

1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవులో బళ్లారి, కర్నూలు, కడప సీమలలో మనుష్యులు లక్షల సంఖ్యను చనిపోయిరి. పశువులు మేతలేక మందలు మందలుగా కూలెను. నేడట్టి కరవు లేదు. దారులు, ధాన్యము, ప్రభుత్వ సహాయము కలవు. కాని రైతునకు పాడిపశువు పోయిన పిదప మరల సంపాదించుటకు ఎన్ని యేండ్లు పట్టునో రైతులకు మేము చెప్పనక్కరలేదు. గింజ బజారులో దొరకును. వేసవిలో మేత ఎంత వెలకును దొరకని ఊళ్లు ఇప్పుడును కలవు.

విత్తనపు నిలువ: సంఘము చేయవలసిన పని

మొదట చెప్పిన గిడ్డంగి వాకిటికి మరల వత్తము. కడపటి వాన పడిన పిదప చేలో పదును నిలుచునది మూడు నాలుగు దినములు. ఆ మూడు దినములలో విత్తనము ఇంట నుండవలెను. వానాభావ సంవత్సరములలో ప్రభుత్వమువారు ప్రత్యామ్నాయ విత్తనముగా ఉలవలను రాయితీపై పంచుట కలదు. అది మేలే, కాని అనుమతి పుట్టి, సరకు కదలి, ఊరు చేరునప్పటికి పదును ఆగియుండునని ఎవరు చెప్పగలరు? వాన మన కొఱకు ఎదురుచూడదు.

పూర్వము విత్తనము లేని రైతు కలిగినవాని ఇంటినుండి నాగునకు తెచ్చుకొనెడివాడు. పుట్టెడు తెచ్చి పుట్టెడున్నర కొలిచెడివాడు. ఆ భారమును తప్పించుటకే కదా సహకార సంఘములు ఏర్పడినవి. అప్పు, ఎరువు ఇచ్చు సంఘము విత్తనమును ఇచ్చుట పెద్దపని కాదు. లెక్క చూడుడు. నూరుమంది సభ్యులు తలా ఒక ఎకరము ఉలవ వేయవలెనన్న కావలసినది పది క్వింటాళ్లు, అనగా యాబది కిలోల బస్తాలు ఇరువది. గిడ్డంగిలో ఒక మూలకు సరిపోవును. ఎకరమునకు రెండున్నర క్వింటాళ్ల చొప్పున నాలుగెకరముల పంట ఆ నూరెకరములకు విత్తనము. నలుగురు నమ్మకమైన సభ్యులు తలా ఒక ఎకరమును విత్తనపు చేనుగా పెంచిన ఊరి భయము తీరును.

దీనికై మేము సూచించు క్రమము ఇది. కోత కాలమున సంఘము ఆ నలుగురి గింజను బజారు వెలకు కొంచెము హెచ్చుగా కొనవలెను. తీసికొన్న సభ్యుడు పది కిలోలకు పండ్రెండు కిలోలు కోత కాలమున తిరిగి కొలువవలెను. పైరు పోయిన యేడు పదియే మరుసటి యేటికి నిలుపుకొనవచ్చును. ఎంత వెల వచ్చినను సెప్టెంబరు నెలాఖరు వరకు ఆ బస్తాలను తినుటకు అమ్మరాదని సర్వసభ్య సమావేశములో తీర్మానము చేసికొనవలెను. ఈ కడపటి నియమము లేనిచో తక్కినవన్నియు వ్యర్థము. వేసవిలో వెల పెరిగినప్పుడు బస్తాలు కదలుట మేము చూచితిమి.

నిలువకు గింజ బాగుగా ఎండవలెను. పంటితో కొరికిన టక్కున విరుగవలెను. నలిగిన ఇంకను ఎండ కావలెనని తెలిసికొనుడు. పుచ్చుపురుగు చేలోనే కాయలపై గ్రుడ్లు పెట్టి గింజతోపాటు ఇంటికి వచ్చును. అందుచేత మంచి ఎండ చూపి చల్లార్చిన పిదపనే నింపవలెను. ఇంటిలో దాచువారు కుండలో వేపాకు ఎండించి కలిపి, పైన రెండు అంగుళముల మందము జల్లించిన బూడిద పోసి మూతి బిగింపవలెను. సంఘములో గాలి చొరని సంచులు వాడి, బస్తాలను నేలకు గోడకు తగులకుండ చెక్కలపై పేర్చవలెను. నెలకొకసారి ఒక సంచి విప్పి చూడవలెను. ఏటేట క్రొత్త గింజను నింపి పాతదానిని దాణాకు వాడవలెను.

వెల విషయము ఒక మాట. కేంద్ర ప్రభుత్వము కనీస మద్దతు ధర ప్రకటించు పప్పుధాన్యములు కంది, పెసర, మినుము, శనగ, మసూరు. ఉలవ అందులో లేదు. కాబట్టి కోతనాడు ఒంటరిగా అమ్మిన రైతునకు దిక్కు వర్తకుడే. సభ్యులందరి గింజను శుభ్రపరచి, తూచి, ఒక్క రాశిగా కొన్నాళ్లు నిలిపి అమ్మగల శక్తి సంఘమునకే కలదు.

రైతు సోదరులారా, వేరుశనగ మానుడని గాని, అన్ని చేలను ఉలవతో నింపుడని గాని మేము చెప్పుట లేదు. మంచి వాన పడిన యేడు మీ మంచి పైరునే వేసికొనుడు. మేము కోరునది ప్రతి ఇంట ఎకరమునకు సరిపడు పది కిలోల మేలైన ఉలవ విత్తనము, ప్రతి సంఘమున ఇరువది బస్తాలు. వాన సమయమునకు వచ్చిన ఆ విత్తనమును వండుకొని తినవచ్చును, పశువులకు పెట్టవచ్చును, నష్టమేమియు లేదు. వాన తప్పి సెప్టెంబరులో ఒక రాత్రి కురిసెనా, తెల్లవారి గొర్రు కట్టుటకు ఎవరిని అడుగనక్కర యుండదు. ఈ నెల సంఘ సమావేశమునకు వచ్చునప్పుడు మీ ఇంట ఉలవలెన్ని కలవో కొలిచి లెక్కతో రండు. మాట మొదలుపెట్టుటకు ఆ లెక్క చాలును.